ఐపీఓ లాటరీ లెక్క: పట్టు వదలకుండా దరఖాస్తు చేస్తే చేతికేం వస్తుంది?

ఐపీఓ అంటే ఒక కంపెనీ షేర్లు మొదటిసారి ప్రజలకు అమ్మకానికి రావడం. పేరున్న ఐపీఓలో అలాట్‌మెంట్, అంటే షేర్ల కేటాయింపు, తేలిన సాయంత్రం ఏ వాట్సాప్ గ్రూపులో చూసినా ఒకటే గోల. "పదిసార్లు పెట్టాను, ఒక్కసారీ తగల్లేదు" అని ఒకరంటారు. "వదలకుండా పెడుతూ ఉండు, ఎప్పటికైనా తగులుతుంది" అని ఇంకొకరు ధైర్యం చెబుతారు. 2024లో మెయిన్‌బోర్డ్ (పెద్ద కంపెనీల విభాగం) ఐపీఓల ద్వారా కంపెనీలు రూ.1.5 లక్షల కోట్లకు పైగా సమీకరించాయి. అన్నేసి ఇష్యూలు (ఐపీఓలు) వరసగా వస్తున్నప్పుడు ఆ ధైర్యవచనం సహజంగానే వినిపిస్తుంది. అందులో సగం నిజం ఉంది. ఎక్కువసార్లు పెడితే అవకాశం పెరుగుతుంది, ఆ మాట ఖాయం. కానీ అలా వచ్చిపడే షేర్లు ఎలాంటివన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. డబ్బు మిగిలేదీ పోయేదీ అక్కడే.

రిటైల్ కోటా అంటే ఎంత?

ఐపీఓ అంటే ఒక కంపెనీ షేర్లు మొదటిసారి ప్రజలకు అమ్మకానికి రావడం. రూ.2 లక్షల లోపు దరఖాస్తు చేసే వ్యక్తులను రిటైల్ ఇన్వెస్టర్లు అంటారు. రూ.2 లక్షలు దాటితే నాన్ ఇన్‌స్టిట్యూషనల్ వర్గం, మార్కెట్ భాషలో హెచ్‌ఎన్‌ఐ. మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు, విదేశీ ఫండ్లు వంటి పెద్ద సంస్థలు క్యూఐబీ వర్గంలోకి వస్తాయి.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల్లో లాభాలు, ఆస్తుల రికార్డు ఉన్న కంపెనీలకు ఒక దారి, లేనివాటికి మరో దారి ఉన్నాయి. రికార్డు ఉన్న కంపెనీ అయితే ఇష్యూలో కనీసం 35 శాతం రిటైల్‌కు, కనీసం 15 శాతం హెచ్‌ఎన్‌ఐలకు వెళ్తుంది. క్యూఐబీలకు 50 శాతం దాటకూడదు. రికార్డు లేని కంపెనీలో లెక్క తిరగబడుతుంది: క్యూఐబీలకు కనీసం 75 శాతం, రిటైల్‌కు 10 శాతానికి మించదు. నష్టాల్లో ఉన్న కొత్తతరం కంపెనీలు సాధారణంగా ఈ రెండో దారిలోనే వస్తాయి. పెద్ద ఇష్యూ కదా, షేర్లు తేలిగ్గా వస్తాయనుకుని పెట్టినవాళ్లు ఈ 10 శాతం సంగతి చూడక బోల్తా పడుతుంటారు.

లాటరీ నిజంగా ఎలా తీస్తారు

రిటైల్‌లో కనీస దరఖాస్తును ఒక లాట్ అంటారు. మెయిన్‌బోర్డ్ ఇష్యూల్లో దాని విలువ రూ.10,000 నుంచి రూ.15,000 మధ్య ఉండేలా పెడతారు. రిటైల్ కోటాలోని షేర్లను లాట్ సైజుతో భాగిస్తే ఎంతమందికి ఇవ్వగలరో తేలుతుంది. దరఖాస్తుదారులు అంతకంటే తక్కువ ఉంటే అందరికీ ఒక్కో లాట్ ఇచ్చి, మిగిలినవి అడిగిన నిష్పత్తిలో పంచుతారు. ఎక్కువ ఉంటే లాటరీ. గెలిచినవాళ్లకు ఒకే ఒక లాట్, మిగతావాళ్లకు సున్నా.

ఒక ఊహాజనిత ఇష్యూ తీసుకుందాం. రిటైల్ కోటా 1.05 కోట్ల షేర్లు, లాట్ 30 షేర్లు. అంటే 3.5 లక్షల లాట్లు. 42 లక్షల మంది దరఖాస్తు చేశారు, సగటున ఒక్కొక్కరు ఒకటిన్నర లాట్ అడిగారు. మొత్తం బిడ్లు 63 లక్షల లాట్లు. "రిటైల్ కోటా 18 రెట్లు సబ్‌స్క్రయిబ్ అయింది" అని వార్త వస్తుంది. చదివినవాళ్లు తమ అవకాశం 18లో ఒకటి అనుకుంటారు. లాటరీ మాత్రం అడిగిన షేర్లను బట్టి జరగదు, దరఖాస్తుల సంఖ్యను బట్టి జరుగుతుంది. కాబట్టి అసలు అవకాశం 42 లక్షల్లో 3.5 లక్షలు, అంటే 12లో ఒకటి.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది. లాటరీ దాకా వెళ్లే ఇష్యూలో రూ.1.9 లక్షలు పెట్టి 13 లాట్లు అడిగినా, రూ.15,000తో ఒక లాట్ అడిగినా అవకాశం ఒకటే. మిగతా 12 లాట్ల డబ్బు ఊరికే బ్యాంకులో బ్లాక్ అయి కూర్చుంటుంది.

మొదటి రోజే పెడితే వస్తుందని, ఫలానా యాప్‌లో పెడితే వస్తుందని చెప్పే మాటలకు ఆధారం లేదు. దరఖాస్తులన్నీ చివరికి చేరేది వాటిని సరిచూసి షేర్లు కేటాయించే రిజిస్ట్రార్ సంస్థ దగ్గరికే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే కెఫిన్ టెక్నాలజీస్ అలాంటి పెద్ద రిజిస్ట్రార్లలో ఒకటి. కంప్యూటర్ తీసిన లాటరీని స్టాక్ ఎక్స్ఛేంజ్ ఆమోదించాకే అలాట్‌మెంట్ ఖరారవుతుంది. కిందటిసారి రాలేదు కాబట్టి ఈసారి ప్రాధాన్యం అన్నది ఈ పద్ధతిలో ఎక్కడా లేదు.

లాటరీలోకే వెళ్లకుండా తిరస్కరణకు గురయ్యే దరఖాస్తులూ ఉంటాయి. ఒకే పాన్ మీద ఒకే వర్గంలో రెండు దరఖాస్తులు పెడితే అవి చెల్లవు. భార్య డీమ్యాట్‌కు (షేర్లు ఉండే ఖాతాకు) భర్త యూపీఐ ఐడీతో డబ్బు బ్లాక్ చేయించినా అంతే. ఎవరి దరఖాస్తుకు వాళ్ల సొంత ఖాతానే ఉండాలి. ధర దగ్గర "కట్-ఆఫ్" (ఖరారైన ధర ఏదైనా సరే అని) ఎంచుకోకుండా తక్కువ రేటు రాస్తే, ఇష్యూ ధరల శ్రేణిలోని పైధరకు ఖరారైనప్పుడు (గిరాకీ ఉన్నవన్నీ దాదాపు అలాగే అవుతాయి) ఆ బిడ్ పనికిరాదు. యూపీఐ మ్యాండేట్‌ను (డబ్బు బ్లాక్ చేయడానికి అనుమతి అడిగే మెసేజ్‌ను) ముగింపు రోజు సాయంత్రం 5 గంటల్లోగా అంగీకరించకపోయినా ప్రయాస వృథాయే.

"ఎప్పటికైనా తగులుతుంది" అనే మాట లెక్కలో

అవకాశం 12లో ఒకటి అంటే 12 సార్లు పెడితే ఒకటి ఖాయమని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఒక్కసారికి రాకపోయే అవకాశం 12లో 11. దాన్ని దానితోనే గుణించుకుంటూ పోవాలి. 8 సార్లు పెట్టాక కనీసం ఒకటి వచ్చే అవకాశం సుమారు 50 శాతం. 12 సార్లకు 65 శాతం. 24 సార్లు పెట్టినా ఒక్కటీ రానివాళ్లు వందలో 12 మంది ఉంటారు. వాళ్లకేమీ గ్రహదోషం లేదు, లెక్కే అంత.

ఖర్చు వైపు చూస్తే ఇది చవకైన ప్రయత్నమే. అస్బా పద్ధతిలో డబ్బు మన ఖాతాలోనే ఆగి ఉంటుంది, పొదుపు ఖాతా వడ్డీ కూడా వస్తుంది. 2023 డిసెంబరు 1 నుంచి ఇష్యూ ముగిసిన మూడో పనిదినానికి లిస్టింగ్ (ఎక్స్ఛేంజ్‌లో షేరు కొనుగోలు అమ్మకాలు మొదలవడం) తప్పనిసరి. అలాట్‌మెంట్ మరుసటి పనిదినానికి, డబ్బు విడుదల ఆ తర్వాతి రోజుకు జరుగుతాయి. ఒకేసారి మూడు నాలుగు ఇష్యూలు తెరుచుకున్నప్పుడే డబ్బు ఇరుకు కనిపిస్తుంది.

అవకాశం పెంచుకోవడానికి ఇళ్లలో ఎక్కువగా వాడే మార్గం కుటుంబ సభ్యుల పేర్లు. నలుగురు నాలుగు పాన్‌లతో, సొంత డీమ్యాట్, సొంత బ్యాంకు ఖాతాలతో పెడితే, 12లో ఒకటి ఉన్న ఇష్యూలో ఆ ఇంటికి కనీసం ఒక లాట్ వచ్చే అవకాశం 29 శాతానికి చేరుతుంది. ఇది చట్టబద్ధమే. అయితే భార్యకో భర్తకో బహుమతిగా ఇచ్చిన డబ్బుతో వచ్చిన లాభం, ఇచ్చినవారి ఆదాయంలోనే కలుస్తుంది. మైనర్ పిల్లల పేరిట వచ్చినదీ అంతే. తల్లిదండ్రులకు ఇచ్చిన డబ్బుకు ఈ చిక్కు లేదు.

ఊరూపేరూ లేని మనుషుల పేర్లతో పెట్టడం మాత్రం నేరం. 2005-06లో వేల సంఖ్యలో బినామీ డీమ్యాట్ ఖాతాలు తెరిచి రిటైల్ కోటా షేర్లను కొందరు కొట్టేసిన వ్యవహారం బయటపడింది. డీమ్యాట్‌కు పాన్ తప్పనిసరి కావడం ఆ రోజుల్లోనే.

ఇంకో దారి షేర్‌హోల్డర్ కోటా. మాతృసంస్థ అప్పటికే లిస్టయి ఉంటే, దాని వాటాదారులకు కొన్ని షేర్లు విడిగా కేటాయించే వీలుంది. 2023లో టాటా టెక్నాలజీస్‌కు టాటా మోటార్స్ వాటాదారులకు, 2024లో బజాజ్ హౌసింగ్ ఫైనాన్స్‌కు దాని మాతృసంస్థల వాటాదారులకు ఈ వీలు దొరికింది. రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్ (ఇష్యూ వివరాల పత్రం) దాఖలు చేసే తేదీకి ఒక్క మాతృసంస్థ షేరు డీమ్యాట్‌లో ఉన్నా అర్హతే. ఆ కోటాలో ఒకటి, రిటైల్‌లో ఒకటి, ఒకే పాన్‌తో రెండు దరఖాస్తులు చెల్లుతాయి. ఇష్యూ తెరిచాక షేరు కొని పరుగెత్తేవాళ్లకు తేదీ దాటిపోయి ఉంటుంది.

తేలిగ్గా వచ్చినవే ఎందుకు ముంచుతాయి

సంతలో తెల్లవారకముందే వచ్చినవాళ్లు ఏరుకుపోయాక మిగిలిన మామిడికాయలు ఎవరికైనా దొరుకుతాయి. ఐపీఓల్లోనూ అదే జరుగుతుంది. అందరూ ఎగబడిన ఇష్యూలో మనకు వచ్చే అవకాశం సన్నం. ఎవరూ పట్టించుకోని ఇష్యూలో అడిగినంతా వస్తుంది. అంటే మన డీమ్యాట్‌లో చేరేవి మార్కెట్ సగటు ఇష్యూలు కావు, సగటు కంటే నాసివైపు ఒరిగిన ఇష్యూలు. కెవిన్ రాక్ అనే ఆర్థికవేత్త 1986లో దీన్ని సిద్ధాంతంగా రాశారు. సమాచారం తక్కువ ఉన్న చిన్న మదుపరి చేతికి ఎప్పుడూ ఇలాంటివే ఎక్కువ వస్తాయన్నది ఆయన వాదన.

మన దగ్గరి ఉదాహరణలు చూద్దాం. టాటా టెక్నాలజీస్ రూ.500కు ఇష్యూ అయింది. 73 లక్షలకు పైగా దరఖాస్తులు, మొత్తం సుమారు 69 రెట్లు. 2023 నవంబరు 30న రూ.1,200 దగ్గర లిస్టయింది. బజాజ్ హౌసింగ్ రూ.70కి ఇచ్చి 2024 సెప్టెంబరులో రూ.150 దగ్గర తెరుచుకుంది. వీటిలో అలాట్‌మెంట్ వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని ఏ గ్రూపులో అడిగినా చెబుతారు. పేటీఎం మాతృసంస్థ 2021 నవంబరులో రూ.2,150కి వచ్చినప్పుడు మొత్తం స్పందన రెండు రెట్లు కూడా లేదు. లిస్టింగ్ రోజే 27 శాతం పడి రూ.1,564 దగ్గర ముగిసింది. ఎల్‌ఐసీ 2022 మేలో రూ.949కి వచ్చి, దాదాపు మూడు రెట్ల స్పందనతో, ఇష్యూ ధర కింద లిస్టయింది. ఈ రెండూ అడిగినవాళ్లలో చాలామందికి వచ్చాయి.

దీన్ని రూపాయల్లో పెట్టి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఈ అంకెలు ఊహే, లెక్క తీరు కోసం. ఏడాదిలో 20 ఇష్యూలు, లాట్ రూ.15,000. అందులో 10 మంచివి: లిస్టింగ్ రోజు 60 శాతం లాభం, అంటే రూ.9,000, వచ్చే అవకాశం 12లో ఒకటి. మిగతా 10 నాసివి: 10 శాతం నష్టం, అంటే రూ.1,500; పదిమందిలో ఎనిమిదిమందికి వస్తుంది.

పత్రికలో రాసే "సగటు లిస్టింగ్ లాభం" 25 శాతం. అది చూసి 20కి 20 పెట్టినవారి సంగతేమిటి? మంచివాటిలో ఒక్కో దరఖాస్తు సగటు విలువ రూ.9,000లో పన్నెండో వంతు, రూ.750. పదింటికి రూ.7,500. నాసివాటిలో ఒక్కో దరఖాస్తు సగటున తెచ్చే నష్టం రూ.1,500లో పదికి ఎనిమిది వంతులు, రూ.1,200. పదింటికి రూ.12,000. మొత్తం మీద రూ.4,500 నష్టం. సగటు 25 శాతం లాభమున్న మార్కెట్లో, ఒక్కటీ వదలకుండా పెట్టినవారికి!

ఇప్పుడు ఇదే మనిషి కాస్త ఏరాడనుకుందాం. నాసివాటిలో 7 వదిలేశాడు, పొరపాటున 2 మంచివీ వదిలేశాడు. 8 మంచివాటికి రూ.6,000, 3 నాసివాటికి రూ.3,600 నష్టం, మిగిలింది రూ.2,400. ఒక మంచి ఇష్యూను పోగొట్టుకుంటే ఖరీదు రూ.750, ఒక నాసిదాన్ని తలకెత్తుకుంటే రూ.1,200. అనుమానం వచ్చినచోట వదిలేయడమే చవక. "అయ్యో, అది పెట్టలేదే" అని బాధపడేవాళ్లు ఈ తేడాను లెక్కలోకి తీసుకోరు.

ఏరడానికి ఉన్న ఆనవాళ్లు, వాటి లోపాలు

బాగా వాడుకలో ఉన్న ఆనవాలు, ఇష్యూ ముగిసే మూడో రోజున క్యూఐబీలు ఎన్ని రెట్లు అడిగారన్న అంకె. క్యూఐబీలు ఒకసారి వేసిన బిడ్‌ను వెనక్కి తీసుకోలేరు, తగ్గించలేరు. అందుకే వాళ్ల బిడ్లు ఎక్కువగా చివరి రోజు మధ్యాహ్నానికే వస్తాయి. రిటైల్ మదుపరికి ముగింపు దాకా మార్చుకునే, రద్దు చేసుకునే హక్కు ఉంది. కాబట్టి చివరి రోజు దాకా ఆగడం వల్ల అవకాశం ఏమీ తగ్గదు, సమాచారం పెరుగుతుంది. ఇబ్బందల్లా ఒకటే: చివరి గంటల్లో మ్యాండేట్ మెసేజ్ ఆలస్యమైతే దరఖాస్తు మొత్తం పోతుంది.

ఇది తిరుగులేని గుర్తేమీ కాదు. రిలయన్స్ పవర్ 2008 జనవరిలో 70 రెట్లకు పైగా సబ్‌స్క్రయిబ్ అయింది. ఇష్యూ ధర రూ.450, రిటైల్‌కు రూ.430. ఇష్యూ ముగిసిన రెండు మూడు రోజులకే ప్రపంచ మార్కెట్లతో పాటు సెన్సెక్స్ కూలింది. ఫిబ్రవరి 11న లిస్టయిన రోజు షేరు రూ.372.50 దగ్గర ముగిసింది. అప్పట్లో ముగింపుకు, లిస్టింగ్‌కు మధ్య మూడు వారాలకు పైగా పట్టింది. ఇప్పుడా గండం మూడు రోజులకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

గ్రే మార్కెట్ ప్రీమియం (జీఎంపీ), అంటే లిస్టింగ్‌కు ముందే షేరుకు అనధికారంగా పలికే అదనపు ధర, ఇంకా బలహీనమైన ఆనవాలు. అది ఏ ఎక్స్ఛేంజ్‌లోనూ నమోదు కాని, ఎవరి పర్యవేక్షణా లేని నోటిమాట బేరం. మార్కెట్ మూడ్‌ను చూపిస్తుంది, కంపెనీని కాదు. గాలి మారితే గంటల్లో ఆవిరవుతుంది. ఇష్యూకు ముందురోజు ప్రకటించే యాంకర్ ఇన్వెస్టర్ల (ఇష్యూ తెరవకముందే షేర్లు తీసుకునే పెద్ద సంస్థల) జాబితా కొంత నయం. అయితే వాళ్ల వాటాలో సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజులే లాక్-ఇన్ (అమ్మకూడని గడువు). ఆ గడువులు తీరే రోజుల్లో అమ్మకాల ఒత్తిడి రావడం మామూలే.

అన్నిటికీ పెట్టాలనేవారి వాదన

ఏరడం దండగ, అన్నిటికీ పెట్టాలనేవాళ్లూ లెక్క తెలియనివాళ్లు కారు. మార్కెట్ ఊపు మీద ఉన్నప్పుడు నాసి ఇష్యూలు కూడా పెద్దగా పడవన్నది వాళ్ల మాట. పై ఉదాహరణలో నష్టం 10 శాతం బదులు 3 శాతమే అనుకోండి. నాసివాటి మీద పోయేది రూ.3,600, మంచివాటి మీద వచ్చేది రూ.7,500. కళ్లు మూసుకుని పెట్టినా రూ.3,900 మిగిలింది. అలాంటి రోజుల్లో ఏరడానికి కూర్చుంటే మంచివి పోగొట్టుకోవడమే అవుతుంది. ఈ వాదన తప్పు కాదు, కాలానికి కట్టుబడినది. ఊపు ఎప్పుడు ఆగుతుందో ముందుగా తెలియదు, ఆగిన రోజు చేతిలో ఉండేవి సరిగ్గా ఆ తేలిగ్గా వచ్చినవే.

ఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా కంపెనీల) ఐపీఓల్లో ఈ పద్ధతి అసలు పనిచేయదు. 2025 నుంచి అక్కడ కనీస దరఖాస్తే రెండు లాట్లు, విలువ రూ.2 లక్షల పైన. నాసిది ఒక్కటి తగిలినా పైలెక్కల్లోని ఏళ్ల లాభం ఊడ్చుకుపోతుంది.

వచ్చాక అమ్మాలా, ఉంచాలా

లిస్టింగ్ రోజే అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను. 2024 జులై 23కు ముందు ఇది 15 శాతం. ఏడాది దాటాక అమ్మితే, ఏడాదిలో రూ.1.25 లక్షలు దాటిన దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం. ఒక లాట్ వాళ్లకు ఈ తేడా పెద్ద విషయం కాదు.

2021 ఏప్రిల్ నుంచి 2023 డిసెంబరు దాకా వచ్చిన 144 ఇష్యూలను సెబీ పరిశీలించి, 2024 సెప్టెంబరులో ఒక నివేదిక ఇచ్చింది. వ్యక్తిగత మదుపరులు తమకు వచ్చిన షేర్లలో విలువపరంగా 50.2 శాతం వారంలోపే అమ్మేశారు. ఇక్కడ గమనించాల్సిన అంకెలు వేరే ఉన్నాయి. లాభం 20 శాతం దాటిన ఇష్యూల్లో వారంలోపు అమ్మింది 67.6 శాతం, నష్టం వచ్చినవాటిలో 23.3 శాతమే. అంటే లిస్టింగ్ లాభం కోసం పెట్టినవాళ్లే, ధర పడగానే "దీర్ఘకాలిక మదుపరులు" అయిపోతున్నారు. మంచివి చేజారుతున్నాయి, నాసివి ఖాతాలో పేరుకుంటున్నాయి.

ఉంచుకోవడం కొన్నిసార్లు ఫలిస్తుంది కూడా. హ్యుందాయ్ మోటార్ ఇండియా 2024 అక్టోబరులో రూ.1,960కి వచ్చినప్పుడు రిటైల్ కోటా సగమే నిండింది. ఏడు షేర్ల లాట్ రూ.13,720. మొదటి రోజు సుమారు రూ.1,820 దగ్గర ముగిసింది కాబట్టి అప్పుడు అమ్మినవారికి దాదాపు రూ.980 నష్టం. 2025లో షేరు రూ.2,400 దాటింది. ఆగినవారికి లాట్ మీద రూ.3,000 పైన లాభం. లాభాలున్న, అప్పటికే రోడ్ల మీద కార్లు తిరుగుతున్న కంపెనీ కాబట్టి ఆగడానికి ఒక కారణమైనా ఉంది. టాటా టెక్నాలజీస్ కథ దీనికి ఎదురు: రూ.1,200కు లిస్టయిన షేరు 2025లో ఆ ధరకు ఎంతో కింద తిరిగింది. మొదటి రోజు అమ్మినవాళ్లే బాగుపడ్డారు.

పేటీఎం లాట్ ఆరు షేర్లు, రూ.12,900. మొదటి రోజు ముగింపు ధరకు అమ్మినవారికి సుమారు రూ.3,500 పోయింది. అసలు ధర వస్తే అమ్ముదామని కూర్చున్నవారు 2022 నవంబరులో షేరు రూ.500 కిందికి జారడం చూశారు. అప్పటికి లాట్ మీద నష్టం రూ.9,900 పైమాటే. మన లెక్కలో ఒక మంచి ఇష్యూకు పెట్టిన దరఖాస్తు సగటు విలువ రూ.750. ఈ ఒక్క లాట్ నష్టం పూడాలంటే అలాంటి దరఖాస్తులు పదమూడు పైన కావాలి.